మా వదిన కుక్కర్‌లో ఉడికిన నిజం

మా వదిన దేన్నీ ఒక పట్టాన నమ్మదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలని లోకమంతా అంటుంది కదా, ఆవిడ అడుగు మెతుకు కూడా తీయమంటుంది. మా ఇంటికొస్తే ముందు కుక్కర్ మూత తిప్పి, రబ్బరు రింగు నొక్కి చూసి, ఇది మార్చి ఎన్నాళ్లయిందని నన్ను నిలదీస్తుంది. మా ఆయనకి అక్క, పైగా ఆసుపత్రి ల్యాబులో తల పండిన మనిషి. ఆవిడతో వాదించడం కంటే రింగు మార్చుకోవడమే సుఖం.

ఆవిడ పనిలోనూ కుక్కరే మరి! రోగి ఒంట్లోంచి తీసి, గాజుపలక మీద అంటించిన ఉల్లిపొర లాంటి ముక్కను కుక్కర్‌లో వేడి పట్టించి, తర్వాత రంగు వేస్తారు. వెతుకుతున్న ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది, మిగతాదంతా లేత నీలం.

ఆ వారం పలక మీదకి ఎక్కింది మా ఆయన తలలోంచి తీసిన గడ్డ. ఈ మనిషికి మెదడే లేదని పెళ్లయిన దగ్గర్నుంచీ నేను సాధిస్తూనే ఉన్నాను. ఇప్పుడు ఆ మెదడు కోసమే నా ప్రాణం కొట్టుకుంటోంది. వదిన ముందే చెప్పింది, ఈ ప్రోటీన్ మెదడుది, గడ్డది కాదు. గడ్డ లోపల గోధుమరంగు తునకలు కనబడితే అది మెదడులోకి చొచ్చుకుపోయినట్టే. అప్పుడు ఇంకా వైద్యం, మళ్లీ వస్తుందేమోనన్న భయం. లేకపోతే హాయిగా ఇంటికి.

ల్యాబులో నేను పక్కనే నిలబడి ఉండగా, వదిన మైక్రోస్కోపు మీంచి తలెత్తి, గోధుమరంగు ఎక్కడా లేదంది. ఇంకేముంది, నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయనకి చెబుదామని ఫోను తీశాను. ఆవిడ చటుక్కున లాక్కుని తన కోటు జేబులో వేసుకుంది.

"ఎక్కడా లేకపోవడమే నా బాధ. గడ్డ అంచున వాడి మెదడు పిసరంత ఉంది. అదీ నీలంగానే ఉంది. అదైనా రంగెక్కాలి కదే!"

నాకు ఒళ్లు మండిపోయింది. నోటికాడి ముద్ద లాగేశావని, తమ్ముడికి మంచి జరిగితే ఓర్చలేవా అని నోటికొచ్చినట్టు అనేశాను. ఆవిడ నేరుగా కుక్కర్ దగ్గరికి వెళ్లి రింగు ఊడదీసి వంచింది. సన్నటి బీట. ఆవిరి కారిపోయింది, ముక్కకి వేడి చాల్లేదు, రంగు పట్టలేదు. సంగతి విని, రిపోర్టు ఇచ్చే డాక్టరుగారు కూడా మళ్లీ చేయమన్నారు.

మర్నాడు కొత్త రింగు, కొత్త పలక. నేను వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. డాక్టరుగారు చూసి సంతకం పెట్టాకే వదిన నన్ను పిలిచి, స్టూలు మీద కూర్చోబెట్టింది.

కన్ను ఆనించి చూశాను. ఒక పక్కంతా చిక్కని గోధుమరంగు. రెండో పక్కంతా నీలం. మధ్యలో పొలం గట్టులా స్పష్టంగా ఒక అంచు.

"ఆ గోధుమరంగంతా మా తమ్ముడి మెదడు. ఈ నీలం గడ్డ. అంచు దాటలేదు చూడు, ఎక్కడా దాటలేదు."

ఆవిడ నా భుజం గట్టిగా పట్టుకుంది. నిన్న నేనన్న మాటలన్నీ పడుతూ కూడా ఆవిడ తమ్ముడి కోసం నాలాగే భయపడుతూ ఉందని అప్పుడు తెలిసింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

"వాడికి మెదడు లేదంటావుగా, ఇప్పుడేమంటావ్?"

"ఉంది వదినా," అన్నాను, కన్ను తీయకుండానే. "బంగారంలా ఉంది."

ఆవిడ జేబులోంచి నా ఫోను తీసి నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడు చెప్పు వాడికి."