రత్నకుమారి టీచర్ అడిగిన ప్రశ్న

గుడివాడ బస్టాండు బయట పునుగులు కొనుక్కుని, తినేశాక కాగితం పారేయబోయాను. దాని మీద నూనె మరక ఎండకి మెరిసింది. మరక ఉన్నంత మేర కాగితంలోంచి వెలుతురు ఇవతలికి దిగుతోంది. ఆ మరక, ఆ వేరుశనగ నూనె వాసన కలిసి నన్ను తీసుకెళ్ళి తొమ్మిదో తరగతి గదిలో కూర్చోబెట్టాయి. నేనెక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది కూడా.

దివిసీమలో, అవనిగడ్డకి కాస్త ఎడంగా ఉన్న పల్లెటూరి హైస్కూలు మాది. రత్నకుమారి టీచర్ సైన్సు చెప్పేవారు. ఆవిడది పెడన, తండ్రి కలంకారీ అద్దకం చేసేవారట. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలితో కలిసి అవనిగడ్డలో ఉంటూ రోజూ ఆటోలో బడికి వచ్చేవారు. మా బడిలో పరికరాలంటూ ఏమీ ఉండేవి కావు. ఒకరోజు ఆవిడ తెల్లకాగితం మధ్యలో ఒక చుక్క నూనె వేసి, దానికి ఒకవైపు ఒక కొవ్వొత్తి, రెండోవైపు నాలుగు కొవ్వొత్తులు వెలిగించారు. కాగితాన్ని మెల్లగా అటూ ఇటూ జరుపుతూ, "మరక ఎక్కడ మాయమవుతుందో చూడండి" అన్నారు. రెండువైపులా వెలుగు సమానమైన చోట మరక నిజంగానే కనబడకుండా పోయింది. స్కేలు పెట్టి కొలిస్తే నాలుగు కొవ్వొత్తులు రెండింతల దూరంలో ఉన్నాయి. "చుక్కల దాకా టేపు పట్టుకెళ్ళలేం కదా! వెలుగు ఎంత తగ్గిందో చూసే దూరం చెప్తారు" అన్నారు.

మర్నాడు కిటికీలు మూయించి, గది చివర టార్చిలైటు వేసి నిలబడ్డారు. ఉన్నట్టుండి వెలుగు తగ్గింది. "ఏమైంది?" అన్నారు.

"మీరు వెనక్కి జరిగారండీ" అన్నాను, అందరికంటే ముందు నేనే.

"నేను కదల్లేదమ్మా. లైటు కొంచెం పక్కకి తిప్పానంతే. వెలుగు తగ్గిందంటే దూరమన్నా జరిగుండాలి, పక్కకన్నా తిరిగుండాలి. అదేదో తేల్చుకోకుండా దూరం రాసేయకు."

ఆవిడ చలవతోనే ఫిజిక్సు చదివాను. చివరికి గురుత్వ తరంగాల పరిశోధనలో పడ్డాను. ఎక్కడో రెండు బరువైన నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి ఢీకొంటే అంతరిక్షమే వణుకుతుంది. ఆ వణుకు మన దాకా ఎంత సన్నగా వచ్చిందో చూసి అవి ఎంత దూరంలో ఉన్నాయో లెక్కకడతాం. ఆ తరంగాలు మొదటిసారి దొరికాయన్న వార్త వచ్చిన రోజు టీచర్ ఫోన్ చేశారు. "కొవ్వొత్తి లేకుండానే దూరం కొలిచేశారటగా అమ్మాయ్!" అంటూ చిన్నపిల్లలా నవ్వారు.

తరవాత కొన్నేళ్ళకి మచిలీపట్నంలో ఒక కాలేజీవాళ్ళు ఉపన్యాసానికి పిలిచారు. అప్పటికి అలాంటి ఒక ఢీ నుంచి వణుకుతో పాటు వెలుగు కూడా చేరింది. అది జరిగిన గెలాక్సీని టెలిస్కోపులు పట్టేశాయి. నేను తెర మీద దూరం పెద్ద అక్షరాల్లో వేసి, ఇక విశ్వాన్ని కొలవడానికి అడ్డేమీ లేదన్నట్టు మాట్లాడాను. చప్పట్లయ్యాక మూడో వరసలోంచి టీచర్ లేచారు. రిటైరైపోయిన మనిషి, నా కోసం అవనిగడ్డ నుంచి బస్సులో వచ్చారు.

"వణుకు సన్నగా ఉంది కాబట్టి దూరం అంటున్నావు కదమ్మా. ఆ జంట మనకి పక్కవాటంగా తిరుగుతున్నా సన్నగానే వస్తుందేమో? వెలుగు కనబడనప్పుడు అది ఎలా తెలుస్తుంది?"

అది సరైన ప్రశ్న. మా బృందం రోజూ కుస్తీ పట్టేది దానితోనే. వెలుగు తోడు రాకపోతే మేం చెప్పే దూరంలో చాలా తేడా ఉండవచ్చు. కానీ ముందు వరసలో ప్రిన్సిపాల్, పత్రికలవాళ్ళు ఉన్నారు. అంతసేపూ మాట్లాడిన ధీమా వాళ్ళ ముందు సడలడం నాకు ఇష్టంలేకపోయింది.

"టీచర్ గారూ, ఇది మన హైస్కూలు టార్చిలైటు కాదండీ! దీనికి పెద్ద పెద్ద కంప్యూటర్లున్నాయి" అన్నాను. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

"అలాగామ్మా" అని ఆవిడ కూర్చున్నారు. భోజనానికి ఉండమంటే, బస్సుకి టైమైందంటూ నా తల నిమిరి వెళ్ళిపోయారు.

ఫోన్ చేసి చెప్పాలని ఆ వారమే అనుకున్నాను. ఇలాంటివి ఫోన్లో చెప్పేవి కావు, ఎదురుగా కూర్చుని చెప్పాలనుకున్నాను. ఈసారి వచ్చినప్పుడు, ఆ పై సెలవల్లో... అలా రెండేళ్ళు గడిచాయి. వెళ్ళేసరికి ఆవిడ లేరు. పోయి నెల దాటిందని వాళ్ళ చెల్లెలు చెప్పారు.

"నా మీద కోపం వచ్చిందాండీ, ఆ రోజు?" అని అడిగాను.

"కోపమా! నా శిష్యురాలు నన్ను మించిపోయిందని వీధంతా చెప్పుకుని మురిసిపోయింది. కానీ ఆ టార్చిలైటు పాఠం మాత్రం మానేసింది. ట్యూషన్ పిల్లలు అడిగితే, 'అది తప్పంటర్రా, మా అమ్మాయే చెప్పింది' అనేది."

"తప్పు కాదండీ. టీచర్ గారు అడిగిందే సరైనది" అన్నాను.

ఆవిడ నా వంక చూశారు. "ఆ ముక్క అక్కకి చెప్పాల్సిందమ్మా" అన్నారు మెల్లగా.

ఇప్పుడు ఎక్కడ మాట్లాడినా దూరం ఒక్క అంకెగా చెప్పను. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండవచ్చో చెప్పి, ఎందుకు తెలియదో కూడా చెప్తాను. ఈ సందేహం మా టీచర్ గారిదని పేరు పెట్టి మరీ చెప్తాను. వింటున్నవాళ్ళలో ఆవిడ ఎవరో తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు.

మొన్నామధ్య ఉయ్యూరులో ఒక అమ్మాయి అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. తెలియదని చెప్పి, నంబరు రాసుకుని, పది రోజుల్లో చెప్తానన్నాను. తెలుసుకోగానే, మూడో రోజే ఫోన్ చేశాను.

"ఇంత త్వరగా చేస్తారనుకోలేదండీ" అంది ఆ అమ్మాయి.

జవాబు చెప్పేముందు ఆ ప్రశ్న ఇంకోసారి చెప్పమన్నాను.