ఇంకో పావు తిప్పు

తొంభైల్లో ముక్త్యాల రేవు పడవ పాత ఇంజనుకి జగ్గయ్యపేట మెకానిక్కే దిక్కు. ఇంజను సాఫీగా నడిస్తే అతని ఒంట్లో లక్ష చీమలు పాకేవి. "బానే ఉందిగానండీ, ఇంకో పావు తిప్పు..." అంటూ కార్బురేటర్ స్క్రూ తిప్పేవాడు.

నా పెళ్లికి అతన్నీ వెంటేసుకుని కృష్ణ దాటుతుంటే నడి ఏట్లో అలాగే తిప్పాడు. ఇంజను ఆగిపోయింది. అవతల ఒడ్డున ముహూర్తం ముంచుకొస్తోంది.

"బాగున్నదాన్ని ఎందుకు కెలికావయ్యా?" అని మా మేనమామ అరిచాడు.

"మీరు కదలకండి, జెట్టు ఏట్లో పడుద్ది!" అని ఎదురు కసిరి, కార్బురేటర్‌లోంచి విప్పిన ఆ బుల్లి ఇత్తడి ముక్కని నోట్లో పెట్టుకుని ఊది, బిగించాడు. ఇంజను అందుకుంది. బతికిపోయాం.

తీరా పీటల మీద కూర్చున్నాక, మైకు జనరేటర్ హాయిగా నడుస్తోంది. అతని చెవి నిక్కింది. జేబులోంచి స్క్రూడ్రైవర్ లేచింది.

జీలకర్రా బెల్లం చేత్తోనే పరిగెత్తి అతని చెయ్యి పట్టుకున్నా. ఆ రోజు నా మొదటి పాణిగ్రహణం అదే.