ఎరుకమ్మ పెద్దమ్మ దారి తప్పిన రోజు

మౌంట్ హారియెట్ కొండ మీద నాకు పేరు తెలియని చెట్టు లేదు. తెలియని చెట్టు ఎదురైతే అక్కడికక్కడే పేరు పెట్టేస్తాను. ఎనిమిదో తరగతిలో నేను బడి మానేసింది చదువు రాక కాదు, కిటికీలోంచి ఆ కొండ కనిపిస్తుంటే నల్లబల్ల కేసి చూడబుద్ధి కాక. అయినా ఆ కొండ గురించి మాట్లాడే హక్కు నాకంటే ముందు మా ఎరుకమ్మ పెద్దమ్మకు ఉంది. నేను ఒకరిని నాకంటే గొప్పవారని ఒప్పుకోవడం అరుదు, గుర్తు పెట్టుకోండి.

పెద్దమ్మ పెళ్లయిన కొత్తలో విశాఖపట్నంలో ఓడెక్కి ఈ దీవికి వచ్చింది. పెదనాన్న ఆ కొండ మీద కలప కొట్టే కూపులో దుంగలకు గొలుసులు కట్టేవాడు. ఆయన పోయాక ఆవిడ అక్కడే వంటమనిషిగా చేరింది. ఇరవయ్యేళ్లు నెత్తిన అన్నం డేగిసా పెట్టుకుని, దుంగలు లాగే ఏనుగుల వెనకాలే నడిచింది. ఆవిడ ఎండుచేపల పులుసు వాసనకు ఏనుగులు గంట ముందే పని ఆపేసేవంటే జనం నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్లెవరూ ఆ పులుసు తినలేదు.

కొండను నేషనల్ పార్కు చేశాక కలప కొట్టడం ఆగింది. ఏనుగులను వేరే దీవికి పంపేశారు. పెద్దమ్మకు రోడ్డు పక్కన కంకర కొట్టే పని ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే, కాలా పత్థర్‌కు యాత్రికులను తీసుకెళ్లడానికి ఫారెస్టు వాళ్లకు ఒక మనిషి కావలసివచ్చింది. కాలా పత్థర్ అంటే లోతైన లోయ అంచున ఉన్న నల్లబండ. దాని మీద మోకాళ్లు వణకకుండా నిలబడ్డ మగాణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను, అదీ అద్దంలో.

రేంజరు ఆవిడతో తెగేసి చెప్పాడు. “శనివారం నలుగురు మెహమాన్లొస్తారు, నేనూ వస్తా. బండ దాకా తీసుకెళ్లి తెచ్చావా, నౌకరీ నీది. లేకపోతే చదువుకున్న కుర్రాణ్ణి పెట్టుకుంటాం.”

ఆ శనివారం నేనూ వెళ్లాను. ఎవరూ పిలవలేదు, నాలాంటివాణ్ణి పిలవాలంటే జనం మొహమాటపడతారు. వచ్చిన నలుగురూ ఎవరంటే, హాడో రేవు గుమస్తా జీవానందం గారు, ఆయన భార్య మేరి గారు, వాళ్ల చుట్టాలిద్దరు. పెద్దమ్మ అందరి కాళ్లకూ పొగాకు నీళ్లు రాసింది, జలగలు పట్టకుండా. నాకు అక్కర్లేదన్నాను. నన్ను కరిచిన జలగ ఒకటి ఆ తర్వాత ఏ పనీ చేయకుండా తిరుగుతోందని విన్నాను.

సగం దారిలో మబ్బు దిగింది. పది అడుగుల అవతల మనిషి కనపడడు. ఒక మలుపులో దారి రెండుగా చీలింది. కుడివైపుది సన్నగా పైకి పోతోంది, ఎడమవైపుది బండి పట్టేంత వెడల్పుగా ఉంది. పెద్దమ్మ ఆగకుండా ఎడమకు తిరిగింది.

“ఎరుకమ్మా, రాస్తా ఇదేనా? పక్కా?” అని రేంజరు అడిగాడు.

“పక్కా సార్.”

అరగంట దిగాక నీళ్ల చప్పుడు వినిపించింది. పెద్దమ్మ ఠక్కున నిలబడిపోయింది. ఎదురుగా వాగు పారుతోంది. మేం లోయ అంచున కాదు, అడుగున ఉన్నాం.

“దీదీ, మనం చూడాల్సిన లోయ ఇదేనా? నేను కిందికి చూడాలనుకున్నానే, పైకి చూస్తున్నాను!” అన్నారు జీవానందం గారు.

నేను పెద్దమ్మ చెవిలో ఊదాను. “కావాలనే తెచ్చానని చెప్పు. ముందు అడుగు చూపించి, తర్వాత అంచు చూపిస్తానని. నమ్మేస్తారు. నేను ఇంతకంటే పెద్దవే నమ్మించాను.”

“నోర్మూసుకోరా గుంటడా,” అని, ఆవిడ రేంజరు ముందుకెళ్లి నిలబడింది. “సార్, గల్తీ నాదే. ఇది మనుసుల దారి కాదు, ఏనుగుల దారి. ఏనుగు పనైపోతే నీళ్లకెల్తాది. ఇరవయ్యేళ్లు దానెనకాల దిగిన కాళ్లు సార్, మబ్బులో నన్నడక్కుండా ఇటే ఎల్లిపోనాయి.”

రేంజరు గడియారం చూసుకున్నాడు. “రానూ పోనూ గంట పోయినట్టే. పైకి అడ్డదారి లేదా?”

“ఉంది సార్. ఈ రాయంట ఎక్కితే పావుగంటే.”

“అయితే పద!”

“తడిరాయి సార్. నానెక్కగలను, మీరెక్కగలరు. మేరమ్మగారు ఎక్కలేరు. వచ్చిన దారినే ఎనక్కెల్దాం.”

“ఆలస్యమైతే నేను రిపోర్టులో అదే రాయాలి, తెలుసుగా?”

“రాసీండి సార్. కంకర కొట్టుకుని బతుకుతాను. మనిసిని జారిపోనిచ్చి బతకలేను.”

అందరం వెనక్కి ఎక్కాం. మేరి గారి చేతిసంచి పెద్దమ్మ నెత్తికెక్కింది, మేరి గారి చెయ్యి పెద్దమ్మ భుజం మీదికొచ్చింది.

నల్లబండ చేరేసరికి మబ్బు విడిపోతోంది. కాళ్ల కింద లోయ నిండా చెట్ల తలలు, వాటి అవతల సముద్రం. ఇందాకటి వాగు చప్పుడు ఎక్కడో పాతాళంలోంచి వస్తోంది. మేరి గారు పెద్దమ్మ భుజం పట్టుకుని కిందికి తొంగి చూశారు. తర్వాత, “మనం అంత కింద ఉన్నామా!” అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆ మలుపు దగ్గర పెద్దమ్మ అందర్నీ ఆపి, కత్తి తీసి కొమ్మలు నరికింది. ఏనుగుల దారికి అడ్డంగా పేర్చి, పడి ఉన్న దుంగనొకదాన్ని లాగసాగింది. అది కదల్లేదు. రేంజరు కాసేపు చూసి, టోపీ నా చేతికిచ్చి, దుంగ రెండో కొస పట్టుకున్నాడు.

“సోమవారం ఏడింటికి ఫారెస్టు చౌకీకి వచ్చెయ్,” అన్నాడు, రొప్పుతూ.

ఆ తర్వాత పదకొండేళ్లు పెద్దమ్మ ఆ కొండ మీద జనాన్ని నడిపించింది. ప్రతి గుంపునూ ఆ మలుపులో నిలబెట్టి, “నానోసారి ఇటెల్లిపోనాను బాబూ, మీరెల్లకండి” అని చెప్పేది. అంతే. నేనైతే అక్కడ కనీసం ఒక పులినైనా పెట్టేవాణ్ణి. నేనెంత బతిమాలినా ఆవిడ ఒప్పుకోలేదు.