బాలమల్లు ప్రారంభోత్సవాలు

చరిత్రకారులు రిబ్బనును తక్కువ అంచనా వేశారు. రాజ్యాలన్నీ కత్తితో మొదలై కత్తితో ముగిశాయని రాసుకుంటూ పోయారే తప్ప, ఆధునిక యుగంలో ఏది మొదలైనా కత్తెరతోనే మొదలవుతుందని ఎవరూ గుర్తించలేదు. తొండుపల్లికి సంబంధించినంతవరకు 2008 తర్వాత ఆ కత్తెర ఎక్కువగా బాలమల్లు ఇంట్లోదే. బట్టలు కత్తిరించడానికి అది ఎన్నడూ ఖాళీగా దొరకలేదని ఆయన భార్య అమృతమ్మ వాంగ్మూలం.

బాలమల్లుకు ఉన్నది చిన్న అలవాటు. దుకాణం తెరవడం. నడపడం కాదు, తెరవడం. దుకాణం నడపడమనేది తెరవడానికి పట్టే తుప్పు అని ఆయన అభిప్రాయం.

ఈ అలవాటుకు మూలం విమానాశ్రయం. తన తండ్రి జొన్నలు పండించిన చేనుకు కూతవేటు దూరంలో అంత పెద్ద ఓపెనింగు జరుగుతుంటే, తెల్లచొక్కా తొడుక్కుని వెళ్లిన బాలమల్లును పోలీసులు చాలా ఇవతలే ఆపేశారు. ఎండలో మడమలెత్తి చూస్తే షామియానా కొస ఒకటి కనబడింది. అది కూడా గాలికి అటు తిరిగింది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. తెల్లారి లేచి, మనం కూడా ఒక ఓపెనింగు చేద్దామని అమృతమ్మతో అన్నాడు. దేనికని ఆమె అడిగింది. అది తర్వాత చూసుకుందామన్నాడు.

తర్వాత చూసుకుంటే అది మొబైల్ రీచార్జి, కూల్‌డ్రింకుల దుకాణం అయింది. దుకాణం పెట్టిన మల్గి గది కంటే ఫ్లెక్సీ పెద్దది కావడంతో సగం ఫ్లెక్సీ పక్కింటివాళ్ల గోడమీదికి పోయింది. ఆ సగంలోనే బాలమల్లు నల్లకళ్లద్దాలతో చేతులు జోడించి ఉన్నందువల్ల, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఆయనను చాలాకాలం పక్కింటి యజమాని అనుకున్నారు. బ్యాండు మోగింది. కొబ్బరికాయ ఒక్క దెబ్బకు పగిలింది. శాలువాలు కప్పారు. ఆ పూట బాలమల్లు ముఖం చూసినవాళ్లు, పెళ్లినాడు కూడా అంత వెలిగిపోలేదని ఒప్పుకున్నారు. అమృతమ్మ కూడా ఒప్పుకుంది.

మర్నాడు దుకాణం మళ్లీ తెరవాలని ఆయనకు తెలిసింది. అదే షట్టరు. బ్యాండు లేదు. ఒకాయన వచ్చి పది రూపాయల రీచార్జి చేయించుకుని, ఒక అభినందన కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు. నెల తిరక్కముందే ఫ్రిజ్జు ఇంటికొచ్చింది.

ఆ తర్వాత కర్రీ పాయింటు. దాన్ని గురించి చెప్పేటప్పుడు తొండుపల్లిలో ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. కారణం, అది నడిచింది. అమృతమ్మ చేసే గోంగూర పప్పు కోసం, బోటీ కూర కోసం క్యాబ్ డ్రైవర్లు ఎయిర్‌పోర్టు పార్కింగు నుంచి టిఫిన్ డబ్బాలు పట్టుకుని వచ్చేవారు. మధ్యాహ్నానికల్లా గిన్నెలు ఖాళీ. ఇంకొకడైతే ఇంకో పొయ్యి పెట్టేవాడు. బాలమల్లు మాత్రం రోజురోజుకు చిక్కిపోయాడు. జనం వస్తున్నారు, కూర తీసుకుంటున్నారు, పోతున్నారు. ఇందులో ఉత్సవం ఏది? చివరికి ఒక ఉపాయం ఆలోచించి దుకాణం మూసేసి, ‘త్వరలో సరికొత్త హంగులతో పునఃప్రారంభం’ అని ఫ్లెక్సీ కట్టాడు. హంగులంటే రెండు ప్లాస్టిక్ పూలతీగలు. అవి బేగంబజారు నుంచి వచ్చేలోపల ఆకలికి ఆగలేని డ్రైవర్లు ఎదురుగా ఇంకొకరు పెట్టిన కర్రీ పాయింటుకు అలవాటు పడ్డారు. పునఃప్రారంభం మాత్రం మహావైభవంగా జరిగింది. డప్పులు కూడా వచ్చాయి. కూర కొనేవాళ్లే రాలేదు.

మధ్యలో జిరాక్సు సెంటరు ఒకటి వెలిసింది. ఆ మిషను మీద తీసిన మొదటి కాగితం, చివరి కాగితం కూడా దాని ప్రారంభోత్సవ ఆహ్వాన పత్రికే.

ఈ దశలో బాలమల్లు తల్లి పోచమ్మ రంగంలోకి దిగింది. రోడ్డు పక్కన బోరుబావి ఉన్న జాగ ఒకటి ఆమె పేరున మిగిలి ఉంది. ఊళ్లో భూములన్నీ రన్‌వే కింద, రోడ్ల కింద పోయాక ఆ కుటుంబానికి ఉన్న నేల అంతే. సిమెంటు డీలరు అనంతయ్య గోదాము కోసం దాన్ని కిరాయికి అడుగుతున్నాడు. బాలమల్లు అక్కడ కార్లు కడిగే వాటర్ సర్వీసింగ్ పెడతానని వచ్చి కూర్చున్నాడు. పోచమ్మ ఆకు నములుతూ కొడుకును కిందినుంచి పైదాకా చూసింది.

“పెట్టుకో బిడ్డా. గనీ ఒక్క దినం బంద్ వడ్డదా, గా దినమే అనంతయ్యకు తాళంచెవి ఇస్త. ఇగ నువ్వు ఆయన గోదాముల సిమెంటు బస్తాలు లెక్కవెట్టుకుంట కూసో.”

ఆమె అన్నదంటే చేస్తుంది. ఎయిర్‌పోర్టుకు భూమి కొలవడానికి వచ్చిన సర్వేయరును గొలుసుతో సహా సాయంత్రం దాకా తన చేన్లో నిలబెట్టిన మనిషి.

2013 వేసవిలో సర్వీసింగ్ ప్రారంభమైంది. ఆ ఉత్సవం గురించి రాయాలంటే వేరే సంపుటం కావాలి. విశేషమేమిటంటే ఇదీ నడిచింది. చెన్నయ్య అనే పనివాడు పైపు పట్టేవాడు, అమృతమ్మ లోపల సీట్లు తుడిచేది. బాలమల్లు కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లకు నమస్కారం పెట్టేవాడు. కారు ర్యాంపు ఎక్కేటప్పుడు ఎంతో ఉత్సాహంగా “రా, రా, రైట్” అని పిలిచేవాడు గాని, అది కడిగి దిగేటప్పుడు ఏనాడూ అక్కడ ఉండేవాడు కాదు. అప్పటికే ఆయన మనసు ఎదురుగా రోడ్డవతల ఉన్న రేకుల షెడ్డు మీద పడింది.

దసరాకు ఆ షెడ్డులో జ్యూస్ సెంటరు. ముహూర్తం ఉదయం తొమ్మిది దాటాక. షెడ్డు కిరాయికి తీసుకున్నాడు, కొత్త మిక్సీ కొన్నాడు, ‘తొండుపల్లి చరిత్రలో తొలిసారి’ అని ఫ్లెక్సీ కొట్టించాడు. ముఖ్య అతిథి విషయంలో మాత్రం ఆయన తెలివికి చేతులెత్తి మొక్కాలి. తల్లినే పిలిచాడు. కత్తెర చేతికిస్తే కోపం మరిచిపోతుందని లెక్క. సర్వీసింగ్ ఒక్క గంట మూస్తే బంద్ అనరని ఇంకో లెక్క.

అమృతమ్మ విన్నది. వాదించలేదు.

“గంటనే అంటున్నవ్. కర్రీ పాయింటు గూడ వారమే అన్నవయ్యా,” అని బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

దసరా ముహూర్తాల గురించి అంత లోతుగా ఆలోచించిన మనిషి దసరా కార్ల గురించి ఆలోచించలేదు. ఆ రోజు బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించనిదే ఈ ప్రాంతంలో ఏ డ్రైవరూ గేరు మార్చడు. తెల్లవారేసరికి సర్వీసింగు ముందు ఇండికాలు, ఇన్నోవాలు, తవేరాలు వరుస కట్టి హైవే వైపు మలుపు తిరిగాయి. చెన్నయ్య పండుగకు తుక్కుగూడ అత్తగారింటికి పోయాడు. ఉన్నది మొగుడూ పెళ్లాలిద్దరే.

చీకటితో మొదలుపెట్టి బాలమల్లు కొన్ని కార్లు ఎట్లాగో గట్టెక్కించాడు. తొమ్మిది కావస్తుండగా లోపలికి వెళ్లి తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని, అత్తరు రాసుకుని బయటికొచ్చాడు. రోడ్డవతల పోచమ్మ కొత్త చీరలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని ఉంది. పక్కన పళ్లెంలో కత్తెర. షెడ్డుకు అడ్డంగా ఎర్ర రిబ్బను. పంతులు గడియారం చూసుకుంటున్నాడు. ఎందుకైనా మంచిదని అనంతయ్య కూడా వచ్చి నిలబడ్డాడు.

ర్యాంపు మీద సత్తయ్య అనే డ్రైవరు ఇండికా. ఒళ్లంతా సబ్బు నురగ. బాలమల్లు దాని పక్కనుంచే చొక్కా అంటకుండా జరిగి పోతుంటే సత్తయ్య అడ్డం వచ్చాడు.

“అన్నా, సబ్బు వెట్టి ఏడికి? పది గంటలకు నాకు పికప్ ఉన్నది. గిట్లనే పోతే ప్యాసింజరు బండి ఎక్కుతడా, నలుగు వెట్టిన పెండ్లికొడుకనుకొని అక్షింతలేస్తడా?”

గంటలో వస్తానని బాలమల్లు చెప్పబోయాడు. సత్తయ్య వినలేదు.

“షురూ చేసుడు నీకు మస్తు వస్తదన్నా, ఊరంతకు తెలుసు. గీ నురగ ఎవలు కడగాలె మరి?”

వరుసలో ఉన్న డ్రైవర్లు గొల్లున నవ్వారు. అమృతమ్మ నవ్వలేదు, పైపు అందించలేదు, ఇంకో కారులో సీటు తుడుస్తూనే ఉంది. బాలమల్లు రిబ్బను వైపు చూశాడు, నురగ వైపు చూశాడు. ఒక్క కారే కదా అనుకుని, చొక్కా చేతులు మడిచి, ఒళ్లు వెనక్కి వంచి, తెల్లబట్టల మీద చుక్క పడకుండా దూరం నుంచి పైపు పట్టాడు.

నీళ్ల జోరుకు నురగ తెరలా జారింది. కింద ఇండికా ఎర్రగా, ఎండలో కళ్లు చెదిరేలా బయటపడింది. బాలమల్లు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఇన్ని నెలల్లో ఒక కారు ఇట్లా అవడం ఆయన చూడనే లేదు. మురికి కారు ర్యాంపు ఎక్కడమే ఆయనకు తెలుసు. సత్తయ్య బానెట్టు మీద తన ముఖం చూసుకుని మీసం దువ్వుకున్నాడు, “అరె వారెవా” అన్నాడు. అది అభినందన. బాలమల్లుకు అందులో అనుమానం లేదు.

“రానీ, ఇంకోటి రానీ,” అన్నాడు.

ఇంకోటి వచ్చింది. ఆ తర్వాత తవేరా వచ్చింది, దాని కింద అడుగున బురద ఉంటే తెల్లప్యాంటుతోనే కిందికి దూరాడు. అత్తరు వాసన పోయి గ్రీజు వాసన వచ్చింది. ఒక్కో కారు దిగుతుంటే వెనకాల పరుగెత్తి తువ్వాలతో అద్దం మీద చివరి చుక్క కూడా తుడిచాడు. డ్రైవర్లు ఈలలు వేశారు. ఎవరో స్టీరియో పెంచారు. అమృతమ్మ ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ కనబడుతుందో లేదో అన్నట్టు ఇంకోసారి చూసింది.

రోడ్డవతల పంతులు ఓపిక సన్నగిల్లింది. ముహూర్తం దాటుతోందని, వర్జ్యం వస్తుందని పోచమ్మకు విన్నవించాడు. అనంతయ్య గొంతు సవరించుకుని, సర్వీసింగు బంద్ పడితే తాళంచెవి సంగతి ఏమిటని మెల్లగా గుర్తుచేశాడు. పోచమ్మ చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని అవతలికే చూస్తోంది.

“కూసో పంతులూ. నా కొడుకు పని చేస్తుండు. పుట్టినకాడికెళ్లి ఎన్నడు సూడలే. జర సూడనీ.”

పంతులు కూర్చున్నాడు. అనంతయ్యకు కుర్చీ లేదు.

ఈలోగా వరుస ఇంకా పెరిగి రోడ్డు మీద చోటు లేకపోవడంతో, వెనక ఉన్న ఇన్నోవా డ్రైవరు ఒకాయన బండిని రోడ్డవతల షెడ్డు పక్కన పెడదామని రివర్స్ చేశాడు. చూసుకోలేదు. తొండుపల్లి చరిత్రలో తొలిసారిగా జ్యూస్ సెంటరు రిబ్బను ఇన్నోవా వెనక బంపరు చేతుల మీదుగా తెగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బాలమల్లు అటు చూశాడు, చెయ్యి ఊపి, అక్కడే పెట్టు, వరుస ప్రకారం పిలుస్తానని కేకేశాడు. పోచమ్మ లేచి కత్తెరను చీర కొంగులో చుట్టుకుంది. అనంతయ్య మైలార్‌దేవ్‌పల్లిలో గోదాము చూసుకున్నాడు.

అలవాట్లు ఒక్క పూటలో చావవు. 2014 జూన్‌లో రాష్ట్రమే కొత్తగా ప్రారంభమైన రోజున, ఊరూరా బోర్డులు మారి, రిబ్బన్లు కట్టి, కత్తెరలు తళతళలాడుతుంటే, బాలమల్లు చేతులు దురద పెట్టిన మాట నిజం. అంతటి ప్రలోభం ఇంకే వ్యాపారికీ ఎదురై ఉండదు. కానీ ర్యాలీలకు పోయే బండ్లన్నీ పొద్దున్నే కడగడానికి వచ్చాయి. ఆయన పైపు దించలేదు.

జ్యూస్ సెంటరులో ఇప్పటిదాకా ఒక్క గ్లాసు జ్యూస్ అమ్ముడుపోలేదు. మిక్సీలో అమృతమ్మ పల్లీల చట్నీ పడుతోంది.