మూడు ఫొటోల్లో ఒకే చుక్క

నిన్న చిలకలూరిపేట బస్టాండులో కళ్లజోడు తుడుస్తుంటే అద్దం మీద దూది పోగు కనిపించింది. వెంటనే అక్క గుర్తొచ్చింది.

తోకచుక్క వచ్చిన ఏడాది మా సైన్సు మాస్టారు ఆకాశాన్ని మూడు ఫొటోలు తీసి, పత్తి నుంచి దూది తీసే జిన్నింగు మిల్లు పక్కనున్న స్టూడియోలో కడిగించి, చూసి తెమ్మని నాకూ అక్కకూ ఇచ్చారు. మూడింటిలోనూ సైన్సు పుస్తకంలోని నక్షత్రాల పటంలో లేని తెల్లచుక్క ఒకటి ఉంది. కొత్త గ్రహమనుకున్నాం. ఏడో తరగతితో అక్క చదువు మాన్పించి మిరపకోతకు పంపుతానని నాన్న అప్పటికే చెప్పేశాడు.

"గ్రహం కనిపెట్టిన పిల్లని బడి మాన్పిస్తారేంట్రా? చుక్క ఎక్కడుందో నువ్వు సరిగ్గా కొలువు, రేపే మాస్టారికి చెబుదాం," అంది అక్క.

స్కేలు పెట్టి కొలిచాను. నక్షత్రాలు ఒక్కో ఫొటోలో ఒక్కోచోట ఉన్నాయి. చుక్క మాత్రం మూడింటిలోనూ ఎడమ అంచుకు పద్దెనిమిది మిల్లీమీటర్లు, పై అంచుకు ముప్పై ఒకటి. అది ఆకాశంలోది కాదు, ఫొటో మీది మచ్చ. స్టూడియోలో ఫొటోలు అచ్చువేసే గాజు మీద దూది పడిందని తర్వాత తెలిసింది.

"ఒక్క మిల్లీమీటరైనా తేడా లేదా?"

"లేదక్కా."

అక్క ఫొటోలు కవర్లో పెట్టేసి, కోతకు తలగుడ్డ వెతుక్కుంది.

తేడా ఉందని అబద్ధం చెప్పినా నాన్న మాట మారేది కాదు. మహా అయితే అక్కకు ఇంకో వారం ఆశ మిగిలేది. ఆ వారం నేనివ్వలేదు.