చప్పుడు లేని కంప్యూటర్

మా వదిన పదకొండేళ్ళు బస్ స్టాండులో అనౌన్సరుగా పనిచేసింది. తర్వాత పైవాళ్ళు ఆమె గొంతును ఒక్కసారి రికార్డు చేసుకుని, రేపటి నుంచి రానక్కర్లేదన్నారు. ఇప్పటికీ అక్కడ మోగేది ఆమె గొంతే, జీతమే లేదు. వీధిలో మైకమ్మ అన్న పేరు మాత్రం మిగిలింది.

కొన్నాళ్ళకు, చూపులేని పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయించే ఒక సంస్థ ఆమెను పిలిచింది. ఇంట్లోనే చదివి ఫైలు పంపాలి. వెనక ఏ చప్పుడూ ఉండకూడదు. మూడుసార్లు ఫైలు వెనక్కి వస్తే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఆ పనంటే వదినకు ప్రాణం. చదువుతున్నంతసేపూ తను మళ్ళీ మనిషినవుతానని ఒకసారి నాతో అంది.

మా ఇంటి కంప్యూటర్ సెకండ్ హ్యాండుది. ఆన్ చేస్తే పిండిమర తిరిగినట్టుండేది. మొదటి రెండు ఫైళ్ళూ వెనక హోరుందన్న ఒక్క ముక్కతో తిరిగొచ్చాయి. కొత్తది కొనే స్తోమత మాకెవరికీ లేదు.

మా అన్నకు కళ్ళద్దాలు అరగదీసే దుకాణంలో మధ్యాహ్నం షిఫ్టు. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు, అందుకే వీధంతా మెత్తనయ్య అంటుంది. ఆ పేరు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఉదయమంతా వంటింట్లో టీ గ్లాసు పట్టుకుని తనలో తను ఏదో గొణుక్కునేవాడు. అదొక అలవాటని అందరం సరిపెట్టుకున్నాం.

నేను మిక్సీలు బాగుచేసేవాణ్ణి. కంప్యూటర్ జోలికి ఎన్నడూ పోకపోయినా సలహాలకేం లోటు? పాత పరుపు స్పాంజి కోసి డబ్బా చుట్టూ కుక్కాను. పావుగంటలో వేడెక్కి ఆరిపోయింది.

"ఉక్కపోస్తున్నవాడికి రగ్గు కప్పావు కదయ్యా," అంది వదిన.

ఇక తనే విప్పింది. ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో ఆపి, పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపింది. ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు ఎండి పొడిపొడిగా రాలితే, తుడిచేసి బఠాణీ గింజంత కొత్తది పెట్టింది. చిన్న ఫ్యాను వేగంగా తిరగాలి కాబట్టే ఏడుస్తుందని, పెద్దదైతే నింపాదిగా తిరుగుతూ అంతే గాలి ఇస్తుందని తనే కనిపెట్టింది. పాత సామాన్లవాడి దగ్గర పెద్ద ఫ్యాను దొరికింది. అది అదిరి డబ్బాను మోగించకుండా నేను సైకిల్ ట్యూబు ముక్కలు కోసి మధ్యలో పెట్టి బిగించాను. వదిన సెట్టింగుల్లో వేగం కాస్త తగ్గించి, డబ్బాను గోడకు దూరంగా రెండు ఇటుకల మీద నిలబెట్టింది. స్విచ్ వేశాక, అసలు ఆన్ అయిందా అని నేను వంగి చెవి పెట్టాల్సి వచ్చింది. వదిన నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్విన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

వారం రోజులు, రోజూ ఉదయాన్నే వంటింటిని ఆనుకున్న ఆ గదిలో తలుపేసుకుని చదివింది. పంపేముందు రికార్డింగంతా విన్నది కూడా. కానీ ఆమె వెతికింది ఫ్యాను చప్పుడు కోసం. మా అన్న గొణుగుడిని పట్టించుకోవడం ఆమె చెవులు ఎప్పుడో మానేశాయి.

పంపిన మూడో రోజు ఉదయం సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. మెచ్చుకుంటారనుకుందేమో, మాకూ వినబడేలా స్పీకర్ పెట్టింది. అవతల రికార్డింగులు సరిచూసే ఆవిడ కాసేపు నసిగింది.

"అమ్మా, ఫ్యాను శబ్దం ఎక్కడా లేదు. కానీ వెనక ఒకాయన మాట్లాడుతున్నారు. ప్రతి పాఠంలోనూ. ఇది పిల్లలకు ఎలా ఇవ్వను?"

మూడోసారి కాబట్టి ఇక తన చేతిలో ఏమీ లేదని కూడా చెప్పింది. వదిన ఫోన్ పెట్టేసి, నదుల పాఠం తెరిచి, సౌండ్ పూర్తిగా పెంచింది. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆమె ఊపిరి తీసుకున్న చోట మా అన్న మెత్తని గొంతు తేటగా వినిపించింది.

"గొంతొక్కటే ఉంది దీనికి. మిగతాదంతా దండగ. ఎప్పుడు పోతుందో, నా పీడ ఎప్పుడు వదులుతుందో."

అన్న గ్లాసు కింద పెట్టాడు. తను మామూలుగా అనుకునే మాటలేనని, పాత ఫ్యాను ఉంచుకుని ఉంటే ఈ గొడవే వచ్చేది కాదని చెప్పి, చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. సిగ్గుపడ్డాడని చెప్పాలనుంది. పడలేదు.

వదిన నావైపు తిరిగింది.

"నీకు వినబడేదా?"

నా గదీ వంటింటి పక్కనే, రెండో వైపు. అక్కడ కంప్యూటర్ లేదు, హోరు లేదు. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఉదయం ప్రతి మాటా విన్నాను. అన్న ఇంట్లో తలదాచుకుంటున్నవాణ్ణి, నోరెత్తలేదు.

"ఆ ఫ్యాను మోతలో ఏం వినబడుతుంది వదినా," అన్నాను.

ఆమె వంగి కంప్యూటర్ ఆపేసింది. ఆపిన తేడా కూడా తెలియలేదు, అంత బాగా కుదిర్చింది దాన్ని.