సొన్నప్ప చేతిలో స్ప్రే సీసా

బళేపేటలో పన్నెండేళ్లు ఇస్త్రీ పెట్టె తోసిన సొన్నప్పకు 1997లో నేరాల ఆధారాలు పరీక్షించే ప్రయోగశాలలో అటెండరు ఉద్యోగం దొరికింది. ఉద్యోగం మారినా చెయ్యి మారలేదు. కేసు తాలూకు బట్ట వచ్చినా ముందు ముడతలే చూసేవాడు.

ఒక మధ్యాహ్నం మునిరాజు అనేవాడి చొక్కా వచ్చింది. కోడిని దొంగిలించి కోశాడని అభియోగం. పోయిన కోడి కార్పొరేటరుగారిది కాబట్టి కేసు అంత దూరం వచ్చింది. చొక్కా శుభ్రంగా ఉతికేసి ఉంది. ఉతికినా నూలులో దాగిన నెత్తురు, మందు చల్లితే చీకట్లో నీలంగా మెరుస్తుంది. చుక్కల తీరు చూస్తే, కోసేటప్పుడు చిందిందో, ఊరికే అంటుకుందో తెలుస్తుంది. అధికారి కాత్యాయని చొక్కా చేతుల్లో ఒకదాన్ని, అవసరపడుతుందని ముందే కత్తిరించి పక్కన దాచి, కిటికీలకు నల్లతెరలు దించింది.

“పల్చగా చల్లు సొన్నప్పా,” అని మందు సీసా అతని చేతికిచ్చి కెమెరా వైపు తిరిగింది.

సొన్నప్పకు తెలిసిన చల్లడం ఒకటే, ఇస్త్రీకి ముందు నీళ్లు చల్లడం. అంచుల దాకా సమంగా తడిపాడు. నీలం చుక్కలు కాసేపు చక్కగా మెరిసి, తర్వాత ఒకదాన్నొకటి కలుపుకొని, కారి, ఒకే మడుగైపోయాయి.

“చుక్కలేవి?” అంది కాత్యాయని.

“బాగా నానిండాది మేడం. ఇంక పెట్టె పెట్టేదే.”

ఆమె అతని వైపు చూసి రెండడుగులు వెనక్కి వేసింది. చీకట్లో సొన్నప్ప పొట్ట నీలంగా వెలుగుతోంది.

“నువ్వెవర్ని కోసినావప్పా?”

సొన్నప్ప పొట్ట తడుముకొని బెదిరిపోయాడు. “నేనేం చెయ్యలేదు మేడం. మా ఇంటామె ఈరమ్మ నిన్న ఈ చొక్కాని బ్లీచింగ్ పౌడర్లో నానేసి ఉతికిండాది.”

మీద పడిన మందు తుంపర నెత్తురుకే కాదు, బ్లీచింగ్‌కు కూడా మెరుస్తుందని అతనికి ఆరోజే తెలిసింది.

మర్నాటి నుంచి నెల రోజులు కాత్యాయని అతనితో గుడ్డముక్కల మీద మేకనెత్తురు వేయించి, మందు చల్లించింది. నూలుగుడ్డ మందును పీల్చుకొని చుక్క అంచు చెరిపేస్తుంది. టెరిలిన్ పీల్చదు, అందుకే కారుతుంది. మరీ తడిస్తే నెత్తురు పల్చబడి తర్వాతి పరీక్షలకు అందదు.

“నోట్లో పోసుకొని ఊదితే మంచు మాదిరి పడ్తాది మేడం. మా నాయన ఇస్త్రీకి నీళ్లు అట్లే ఊదేవాడు.”

“ఈ మందు నోట్లో పోసుకుంటే, తర్వాత పరీక్ష నీకే చెయ్యాల.”

చివరికి మూరెడు దూరం నుంచి, రెండే నొక్కులతో, చుక్క చెదరకుండా చల్లడం పట్టుబడింది. దాచిన చొక్కా చేతి మీద సొన్నప్పే చల్లాడు. చిందిన చుక్కలు విడివిడిగా ఫొటోలో పడ్డాయి. ఫొటో చూసి మునిరాజు ఒప్పుకున్నాడు. పైగా కోడి ముదురుదనీ, రెండు గంటలు ఉడికినా మెత్తబడలేదనీ ఫిర్యాదు చేశాడు.

సొన్నప్పకు జీతం పెరగలేదు. కానీ ఆ తర్వాత పదేళ్లు, ఎంత పెద్ద అధికారైనా “సొన్నప్ప ఉండాడా?” అని అడిగాకే తెరలు దించేవారు.